మధ్యాహ్నమునకే ఆగిపోవు గడియారము

పూర్వము చేతి గడియారము ఆగిపోయినదన్న, కీ ఇచ్చుట మరచినారని అర్థము. తరువాతి కాలమున సెల్లు అయిపోయినదని అర్థము. అది రెండు మూడేండ్ల కొకమారు వచ్చెడి పని. బజారులో గడియారములు బాగుచేయువాని బల్లవద్ద 5 నిమిషములలో తీరిపోయెడిది. ఇప్పుడు మన మణికట్టుల మీదికి వచ్చిన స్మార్టువాచీల విషయము వేరు. వీనికి ప్రతిదినము విద్యుత్తు నింపవలసినదే. అందుకు మనము అలవాటుపడితిమి. కాని ఒక్కొక్కప్పుడు వింత జరుగును. నిన్నటివరకు రాత్రి పండుకొనువేళకు కూడ 30 శాతము మిగిల్చిన వాచీ, నేడు మధ్యాహ్న భోజనమువేళకే ఎర్రగుర్తు చూపును. యజమాని క్రొత్తగా చేసిన పని ఏదియు లేదు. వాచీ క్రింద పడలేదు, నీట నానలేదు. మరి ఆ విద్యుత్తు ఎక్కడికి పోయినట్లు?

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన ప్రశ్నయైనచో దీనిని గూర్చి ఇంతసేపు ముచ్చటింప నక్కరలేదు. వాచీ ఆగిపోయిన గోడ గడియారము చూచుకొందుము. కాని నేడు ఎందరో వృద్ధుల చేతులకు ఈ వాచీలను తొడుగుచున్నది వారి బిడ్డలు. కొడుకు డాలసులో నుండును. తండ్రి తెనాలిలో ఒంటరిగా నుండును. 2018 లో ఆపిల్ సంస్థవారి నాల్గవ శ్రేణి వాచీతో ఒక ఏర్పాటు వచ్చినది. ధరించినవారు గట్టిగా పడిపోయినచో అది కనిపెట్టును. వారు కొంతసేపు కదలకున్నచో తనంత తానే సహాయమునకు పిలుపు పంపును. నాడి లయ తప్పినట్లు తోచినచో హెచ్చరించు ఏర్పాటులును కలవు. రాత్రి 2 గంటలవేళ స్నానాల గదిలో కాలు జారిననాడు ఆ వాచీలో విద్యుత్తు లేకున్నచో, ఇవన్నియు ఉండియు లేనట్లే. డాలసులోని కొడుకు మాత్రము నాన్నగారి చేతికి వాచీ ఉన్నదను ధైర్యముతో నుండును. అందుచేత ఈ సంగతి కొంచెము ఓపికగా పరిశీలింపదగినది.

మొదట ఈ వాచీ కడుపున ఎంత విద్యుత్తు పట్టునో చూతము. మధ్యరకపు స్మార్టువాచీలో నుండు లిథియం అయాన్ బ్యాటరీ సుమారు 300 మిల్లీ ఆంపియరు గంటలది. దాని వోల్టేజి 3.8 ప్రాంతమున నుండును. ఈ రెండింటిని హెచ్చవేసి చూచిన, ఒక వాట్ గంటకు కొంచెము పైన తేలును. మన యింటి వసారాలో వెలుగు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఈ మొత్తమును 8 నిమిషములలో తాగివేయును. ఇంత చిన్న దొన్నెడు నీటితో ఆ వాచీ పగలంతయు గడుపవలెను. బొమ్మలు చూపవలెను, నాడి లెక్కింపవలెను, ఫోనుతో మాటలాడవలెను. ఆపిల్ వారు 2015 లో వచ్చిన మొదటి వాచీ మొదలు చాల యేండ్లవరకు 18 గంటల కాలమనియే చెప్పుచు వచ్చిరి. అనగా గంటకు 5, 6 శాతము ఖర్చు సహజము. గంటకు 12, 13 చొప్పున పోవుచున్నచో, దొన్నెకు ఎక్కడనో చిల్లి పడినదని తెలిసికొనవలెను.

ఈ కష్టము గడియారములకు క్రొత్తది కాదు. 1969 డిసెంబరు 25వ తేదీన జపానులో సైకో వారు తొలి క్వార్ట్జ్ చేతి గడియారమును అమ్మకమునకు పెట్టిరి. దరిమిలా ఆ జాతి గడియారములన్నిటిలోను స్థిరపడిన పద్ధతి ఏమన, స్ఫటికము సెకనుకు 32,768 మార్లు కంపించుట. ఆ కంపనములకు పట్టు విద్యుత్తు అత్యల్పము గనుకనే సెల్లు ఏండ్ల తరబడి వచ్చెడిది. 1972 లో అమెరికాలో హామిల్టన్ వారి పల్సర్ అను గడియారము వెలువడినది. దానికి ముల్లులు లేవు; ఎర్రని అంకెలు వెలుగును. బంగారు ఒరతో దాని వెల 2,100 డాలర్లు. అంత వెలపోసి కొన్నవాడు కూడ వేళ తెలిసికొనుటకు రెండవ చేతితో మీట నొక్కవలెను. అంకెలు ఒక్క క్షణము వెలిగి ఆరిపోవును. ఎల్లవేళల వెలుగనిచ్చినచో సెల్లులు తట్టుకొనలేవు. కాలమును లెక్కించుటకు విద్యుత్తు అక్కరలేదనియే చెప్పవచ్చును. దానిని వెలిగించి చూపుటకే ఖర్చంతయు. 50 ఏండ్లు దాటినను ఈ ధర్మము మారలేదు.

స్మార్టువాచీలో విద్యుత్తును తినునవి ముఖ్యముగా నాలుగు: తెర, వాచీ అడుగున నుండు నాడీ దీపములు, రేడియో తరంగములను పంపు భాగములు, వీటన్నిటిని నడుపు చిన్న మెదడు. ఈ నాలుగింటి పొదుపు రహస్యము ఒక్కటే, నిద్ర. వాచీ మెదడు మనము అనుకొన్నట్లు దినమంతయు మేల్కొని యుండదు. ఒక పనికి లేచును, రెప్పపాటులో ముగించి మరల పండుకొనును. తయారుచేసినవారు చెప్పు 18 గంటల లెక్క ఈ నిద్రమీద ఆధారపడినదే. అనుకోకుండ బ్యాటరీ తరిగిపోవుచున్నదన్న, నూటికి తొంబదిపాళ్లు, ఏదో ఒకటి దానిని నిద్రపోనిచ్చుట లేదన్నమాట. పసిబిడ్డ ఉన్న యింట తల్లి నిద్రవలె దాని నిద్ర తునకలు తునకలైనది. లేపుచున్నది ఎవరో కనిపెట్టుటయే మన పని.

తెరతో మొదలుపెట్టుదము. చేయి ఎత్తగనే తెర వెలుగు ఏర్పాటు చాల వాచీలలో కలదు. కాని చేయి ఎందుకు ఎత్తినదో వాచీకి తెలియదు. చపాతీలు వత్తు ఇల్లాలి చేయి, స్కూటరు నడుపు ఉద్యోగి చేయి, జపమాల త్రిప్పు తాతగారి చేయి, అన్నియు దానికి వేళ చూచుకొను చేతులే. కొన్ని వాచీలలో తెర ఎప్పుడును ఆరదు, మసకగా నిలిచియుండును. ఈ తెరలు చాలవరకు ఓలెడ్ జాతివి. వీనిలో నల్లగా కనిపించు చోట దీపము ఆరియే యుండును. తెల్లని చోట వెలుగును. కావున తెల్లని నేపథ్యముమీద నాలుగు వన్నెల పూవులుంచిన డయలుకంటె, నల్లని నేపథ్యముమీద సన్నని అంకెలున్న డయలు చవుక. సెకనుల ముల్లు గిరగిర తిరుగు డయలు, వానను గూర్చియు షేరుమార్కెట్టును గూర్చియు ఘడియకొక కబురు తెచ్చు డయలు, రెండును ఖరీదైనవే. పండుగకని మనుమరాలు క్రొత్త డయలు పెట్టియిచ్చిన మరునాటినుండి బ్యాటరీ నిలుచుట లేదన్న, దొంగ దొరికినట్లే.

ఇక నాడీ దీపములు. వాచీని త్రిప్పి చూచిన అడుగున పచ్చని వెలుగు మినుకుమినుకుమనును. రక్తము ఎర్రని వెలుగును త్రిప్పికొట్టి పచ్చని వెలుగును పీల్చుకొనును. గుండె కొట్టుకొనినప్పుడు మణికట్టున రక్తము హెచ్చును. పీల్చుకొను వెలుగు హెచ్చును. ఆ హెచ్చుతగ్గులే నాడి. ఇందులో ఒక చిక్కు కలదు. పట్టీ వదులుగా నుండి వాచీ చర్మమునకు ఆనకున్నచో తిరిగివచ్చు సంకేతము బలహీనమగును. అప్పుడు వాచీ ఏమి చేయును? దీపమును మరింత పెద్దది చేయును, మరిన్ని మార్లు వెలిగించి చూచును. ఆపిల్ వారి వాచీలు ఈ విధముగనే నిర్మింపబడినవి. గాజులవలె జారుచుండ వాచీ ధరించుట కొందరికి సొగసు. ఆ సొగసునకు సుంకము బ్యాటరీ చెల్లించును.

మా వీధిలో పదవీవిరమణ చేసిన ప్రధానోపాధ్యాయు లొకరున్నారు. వారి వాచీ పగలు 11 గంటలకే నీరసించుచుండెను. నేను వారిని మూడు దినములపాటు గంట గంటకు శాతము వ్రాసిపెట్టుడని కోరితిని. బడిలో హాజరుపట్టీ వ్రాసిన చేయి గనుక చక్కగా గళ్లు గీసి వ్రాసిరి. 5-30 కి నడకకు బయలుదేరినది మొదలు ఏటవాలుగా పడిపోవుచున్నది.

"అయ్యా, నడక ముగిసినదని వాచీకి చెప్పుచున్నారా?" అని అడిగితిని.

"దానికి చెప్పుట యేమిటయ్యా? నేను ఆగితినని దానికి తెలియదా?" అన్నారు.

వారు ఇంటికి వచ్చి, కాఫీ త్రాగి, పత్రిక చదివి, పూజకు కూర్చున్నను వాచీ లెక్కలో ఇంకను నడచుచునే యున్నారు. నడక నమోదు చేయునంతసేపు నాడీ దీపములు ఎడతెగక వెలుగును. ఆరుబయటి నడకయైనచో జీపీఎస్ ఉపగ్రహముల సంకేతములను వెదకుచుండును. నడక ముగింపుమందురా అని వాచీ ఒకటి రెండుమార్లు అడిగియే యుండును. కళ్లజోడు లేని వేళ వారు గమనించియుండరు. వారు గళ్లు గీసిన కాగితము లేకున్నచో ఈ సంగతి బయటపడుట కష్టమే. తరువాతి దినమునుండి నడక ముగియగనే మీట నొక్కుచున్నారు. వాచీ రాత్రి 10 వరకు బాగుగనే యున్నది.

మూడవది రేడియో భాగము. ఇది మా వృత్తికి దగ్గరి విషయము గనుక కొంచెము నిలిచి చెప్పుదును. వాచీ మామూలుగా ఫోనుతో బ్లూటూతు ద్వారా మాటలాడును. అది పక్కగదిలోని మనిషితో గుసగుసలాడుట వంటిది, శ్రమ తక్కువ. ఫోను దూరమైనచో వాచీ వైఫై కొరకు చూచును. సిమ్ము గల వాచీ అయినచో తానే సెల్ టవరును వెదకి పట్టుకొనును. టవరు దూరమున నుండి సంకేతము పలుచనైన కొలది వాచీ గొంతు పెంచి పిలువవలెను. తిరునాళ్లలో తప్పిపోయిన బిడ్డను కేకలు వేసి పిలుచు తల్లికి ఎంత అలసటయో, వాచీకి అంత అలసట. రికార్డింగు జరుగువేళ ఫోనులు స్టూడియో బయటనే ఉంచుట మాలో వాడుక. స్టూడియో గోడలు, తలుపులు శబ్దము చొరకుండ మందముగా కట్టినవి. తరంగములకును అవి అంత అనుకూలములు కావు. మా సహోద్యోగి యొకరి వాచీ నాటకము రికార్డింగు ఉన్న దినములలోనే సాయంకాలమునకు ఆగిపోవుచుండెను. దానికి సిమ్ము కలదు. లోపల ఆయన మూడు గంటలు సంభాషణలు వినుచుండ, అది మూడు గంటలు టవరును పిలుచుచుండెను. స్టూడియోలో అడుగిడునప్పుడు విమానపు గుర్తును నొక్కిపెట్టుటతో ఆ బాధ తీరినది. బావిలోతు గదులలోను, లిఫ్టులలోను, కొండప్రాంతపు ప్రయాణములలోను ఇదియే జరుగును.

నాల్గవది మెదడు. చాప క్రింద నీరు వలె వచ్చు నష్టము ఇక్కడనే. ఏదో ఒక యాప్ తన పని ముగియక చిక్కుకొని, మెదడును వదలక పట్టుకొనియుండవచ్చును. వాచీని పూర్తిగా ఆర్పి మరల వెలిగించినంత మాత్రమున ఇట్టి చిక్కులు ఎన్నియో విడిపోవును; కనుక అన్నింటికంటె ముందు చేయదగిన పని అది. తయారీదారులు పంపు క్రొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించిన తరువాత ఒకటి రెండు దినములు బ్యాటరీ త్వరగా పోవుట కద్దు. ఇల్లు మారినపుడు సామాను సర్దుకొన్నట్లు, లోపలి సమాచారమునంతయు అది క్రొత్త వరుసలో పెట్టుకొనుచుండును. ఆ రెండు దినములు ఓపిక పట్టుటయే మందు.

అయితే తప్పు ఒక్కొక్కప్పుడు సాఫ్ట్‌వేరులోనే యుండును. 2023 సెప్టెంబరులో ఆపిల్ వారు వాచీలకు పదవ తరము సాఫ్ట్‌వేరును, అక్టోబరు చివర దానికి 10.1 అను సవరణను విడుదల చేసిరి. వెంటనే కొందరి వాచీలు గంటల వ్యవధిలోనే ఖాళీ అగుట మొదలిడినది. డయలులు మార్చినవారు మార్చిరి, ఫోనుతో జత విడదీసి మరల కలిపినవారు కలిపిరి. నవంబరు 7వ తేదీన 10.1.1 అను మరియొక సవరణ వచ్చినది. కొందరికి బ్యాటరీ త్వరగా తరిగిపోవుటకు కారణమగు లోపమును ఇది సరిచేయునని సంస్థవారే ప్రకటించిరి. కనుక ఉన్నట్టుండి, ఏమియు మార్చకుండగనే కష్టము వచ్చినచో, సవరణ ఏదైన వచ్చియున్నదేమో సెట్టింగులలో చూచుట మంచిది. మన చేతిలో లేని తప్పునకు మన వాచీని ముక్కముక్కలుగా విప్పుకొనుట వ్యర్థప్రయాస.

కారణము తెలియనివారు చేయు చికిత్స సాధారణముగా ఒక్కటే. కనిపించిన మీటలన్నియు ఆర్పివేయుదురు. ఎలుకకు కోపించి ఇల్లు తగులబెట్టుకొన్నట్లుండును. బ్యాటరీ మిగులును, నిజమే. వాచీ మాత్రము మిగులదు. పొదుపు మార్గమను పేర ఈ వాచీలలో ఒక మీట కలదు. దానిని నొక్కిన కాలము చాల పెరుగును. కాని ఆపిల్ వాచీలో ఆ మార్గమున ఆరిపోవునవి తెర వెలుగు మాత్రమే కాదు. నాడి మితిమీరి హెచ్చినను, తగ్గినను, లయ తప్పినను వచ్చు హెచ్చరికలు కూడ ఆగిపోవును. తెనాలిలోని తండ్రి చేతికి వాచీ తొడిగినది ఏ పనికో ఆ పనియే పోయినది! ఎవరో చుట్టము సదుద్దేశముతో ఆ మీట నొక్కిపోయినచో, వాచీ రెండు దినములు వచ్చుచున్నదని అందరును సంతోషింతురు. ఇట్టివారి విషయమున నా అభిప్రాయము ఏమన, తెర ఆరని ఏర్పాటును తీసివేయవలెను, డయలు నల్లనిది పెట్టవలెను, బంధువుల గుంపులలోని ప్రతి శుభోదయమునకు చేయి జలదరింపకుండ కబుర్లు తగ్గింపవలెను, పట్టీ బిగువు చూడవలెను. నాడి, పడిపోవుట, ఈ రెండింటి జోలికి పోరాదు. యౌవనమున ఉండి వేళకును పాటలకును వాచీ వాడువారు దీనికి తలక్రిందులుగా చేసినను నాకు ఆక్షేపణ లేదు.

పరీక్ష చేయునపుడు ఒక్కొక్క దినమున ఒక్క మార్పే చేయవలెను. నాలుగు మార్పులు ఒకేమారు చేసి గుణము కనిపించినచో, ఏ మందు పనిచేసినదో తెలియదు. వాచీ సెట్టింగులలో బ్యాటరీ అనుచోట గీతపటము కనిపించును. అది ఏకరీతిగా ఏటవాలుగా నున్నచో, ఎల్లవేళల నడచునదేదో తినుచున్నదని అర్థము, తెరయో, డయలో. ఒక్కచోట మెట్టువలె పడినచో, ఆ వేళ మనము ఏమి చేయుచుంటిమో జ్ఞాపకము చేసికొనవలెను. రాత్రి వాచీని తీసి బల్లమీద ఉంచి ఉదయము చూచుటయు మంచి పరీక్షయే. చేతికి లేనపుడు తెరకును, నాడీ దీపములకును పని లేదు. అప్పుడును గణనీయముగా తరిగినచో, తప్పు లోపలిదే.

మన రేడియో శ్రోతలకు ఒక అలవాటు కలదు. ట్రాన్సిస్టరు గొంతు నీరసించినచో సెల్లులు తీసి ఎండలో పెట్టుదురు. అవి కొంచెము కోలుకొని మరి రెండు వార్తల ప్రసారములు వినిపించును. ఆ జింకు కార్బను సెల్లులలో వేడికి రసాయనచర్య కొంత చురుకగుటయే కారణము. కనుక ఆ అలవాటు అజ్ఞానము కాదు. కాని లిథియం అయాన్ బ్యాటరీకి ఇదే వైద్యము విషము. 1991 లో సోనీ సంస్థ తొలిసారి విపణిలో పెట్టినది మొదలు నేటివరకు దీనికి ప్రధాన శత్రువు వేడియే. ఆపిల్ వారు వాచీని 0 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య వాడుమని చెప్పుదురు. రెంటచింతలలోను, రామగుండములోను మే మాసపు మధ్యాహ్నము 35 అన్న చల్లని దినమని అందురు! చర్మమునకు ఆనియున్న వాచీ సంగతి అటుంచి, స్కూటరు డిక్కీలోను, ఎండలో నిలిపిన కారు అద్దము వెనుకను ఉంచిన వాచీ బ్యాటరీ ఒక్క వేసవిలోనే ముసలిదగును. వేడెక్కిన వాచీని తెచ్చి వెంటనే చార్జి పెట్టుట గోరుచుట్టుపై రోకటిపోటు. నీడన కొంతసేపు చల్లారనిచ్చి పెట్టవలెను. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినపిదపనే నింపవలెనను మాటయు పాతకాలపు నికెల్ కాడ్మియం సెల్లులనుండి వచ్చినది. దీనికి అది వర్తింపదు. సగములో పెట్టినను హాని లేదు, అట్టడుగు వరకు దించుటయే హాని.

నిండనిదానిని తరిగినదని భ్రమించుటయు కద్దు. చార్జి బిళ్ల అయస్కాంతముతో అతుకుకొనును; తీగ ఏదియు తగులదు; తరంగముల ద్వారా శక్తి చేరును. అడుగున చెమట, కొబ్బరినూనె, పసుపు పట్టియున్నను, బిళ్ల పక్కకు జరిగినను సరిగా నిండదు. రాత్రియంతయు పెట్టితిమని నమ్మి 70 శాతముతో బయలుదేరుదురు.

కాలము గడచిన కొలది ఏ బ్యాటరీయైనను తగ్గక తప్పదు. 1,000 మార్లు పూర్తిగా నింపి వాడినపిదప తొలినాటి సామర్థ్యములో 80 శాతము నిలుచునట్లు తమ వాచీ బ్యాటరీలను రూపొందించినట్లు ఆపిల్ వారు చెప్పుదురు. ఇప్పుడు ఎంత మిగిలియున్నదో సెట్టింగులలోనే చూడవచ్చును. 80 కి దిగువకు వచ్చినచో పై చిట్కాలతో కాలయాపన చేయక బ్యాటరీ మార్పించుట మేలు. తెర అంచున ఎత్తుగా లేచినట్లు కనిపించినచో లోపల బ్యాటరీ ఉబ్బినదని అనుమానింపవలెను. దానిని నొక్కరాదు, చార్జి పెట్టరాదు, చేతికి ధరింపరాదు, సేవాకేంద్రమువారికి అప్పగింపవలెను.

పెద్దలున్న ఇండ్లవారికి ఇంకొక్క మాట. చాలమంది రాత్రి నిద్రవేళ వాచీని చార్జికి పెట్టుదురు. పడిపోవు భయము హెచ్చుగా నుండునది రాత్రి స్నానాల గదికి లేచు వేళనే. కావున చార్జి వేళను సాయంకాలమునకు, ఇంట నలుగురు మెలగు సమయమునకు మార్చుడు. దీపము పెట్టి కూర్చున్నది మొదలు భోజనము ముగియువరకు వాచీ బిళ్లమీద ఉండవచ్చును. ఒంటరిగా నుండువారు ఉదయము పనిమనిషి ఇంట నున్న గంటలో పెట్టుకొనవచ్చును. పండుకొనబోవునపుడు చేతికి తొడిగి, శాతము ఎంత యున్నదో ఫోనులో బిడ్డకు ఒక్క మాట చెప్పిన చాలును.